అమ్మ భాష మరిచిన అమ్మ

మా తెలుగు సంఘంలో సభ్యులకంటే ఉపాధ్యక్షులు ఎక్కువ. ఈ మాట నేను వేదిక మీద అన్నప్పుడల్లా ఎవరో ఒకరు నొచ్చుకునేవారు. నొచ్చుకున్నవారిని బుజ్జగించడానికి సంఘం వారిని కూడా ఉపాధ్యక్షుల్ని చేసేది. సంఘం అట్లా పెరిగింది. నాకు మాత్రం పదవి లేదు, పని ఉంది. ముఖ్య అతిథి వచ్చేదాకా జనం లేచిపోకుండా నవ్వించడం. మా బళ్ళారి ముఖ్య అతిథులు ఎండాకాలంలో బయలుదేరితే వానలు పడ్డాక వేదిక ఎక్కుతారు కాబట్టి, నేను చాలాసార్లు సభకంటే పొడుగ్గా మాట్లాడవలసి వచ్చింది.

ఇప్పుడు రాస్తున్నది నవ్వించడానికి కాదు. అయినా చేతి అలవాటు పోదు, పెంచి రాస్తాను. మీరు తగ్గించుకుని చదవండి.

సభలు లేని రోజుల్లో నేను కౌల్ బజార్‌లో స్టీలు సామాను అమ్ముతాను. తాతల నాటి అంగడి. మా సందు ఎంత ఇరుకంటే, ఎదురుగా ఆటో వస్తే మనుషులు పొట్ట లోపలికి పీల్చుకున్నా చాలదు, అంగళ్ళు కూడా పీల్చుకోవాలి. అక్కడ కూచుని నేను తెలుగులో ఆలోచిస్తాను, కన్నడంలో బేరమాడతాను, దక్నీ ఉర్దూలో రాజీపడతాను, ఇంగ్లీషులో బిల్లు రాస్తాను. కుక్కరు కొన్నవాడు ఇంటికి పోయేసరికి వాడికే తెలియదు, ఏ భాషలో మోసపోయాడో.

సంఘం అధ్యక్షుడు నా కాలేజీ స్నేహితుడు. తెక్కలకోట దగ్గర ఒక క్యాంపులో వరి పండించే రైతు. క్యాంపు అంటే సైన్యం గుడారాలు కావు. కాలువ నీళ్ళు వచ్చిన కొత్తలో కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు పొలాల మధ్య గుడిసెలు వేసుకున్న చోటు. గుడిసెలు పోయి మేడలు లేచాయి. మేడల మీద నీళ్ళ ట్యాంకులు లేచాయి. ఆ ట్యాంకుల నీడలో పుట్టిన పిల్లలకు పిల్లలు పుట్టారు. పేరు మాత్రం ఇంకా క్యాంపే. రేపు పొద్దున పరుపులు చుట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళను పిలిచినట్టు పిలుస్తారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు వాళ్ళు క్యాంపోళ్ళు. వాళ్ళకు వాళ్ళు కూడా క్యాంపోళ్ళే.

కాలేజీలో మొదటిరోజు వాడు నా బెంచీ దగ్గరికొచ్చి, "ఏవండీ, ఇక్కడ కూర్చోవచ్చాండీ?" అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూశాను, ఏ లెక్చరరైనా వచ్చాడేమోనని. ఎవరూ లేరు. "యాడన్నా కూచోప్పా, బెంచీ మీ నాయనదీ కాదు, మా నాయనదీ కాదు" అన్నాను. వాడు ఆరోజు ఇంటికెళ్ళి, తెలుగుకు దగ్గరగా ఉండే ఏదో భాష మాట్లాడే మనిషి పరిచయమయ్యాడని చెప్పాడట. ఇది వాళ్ళమ్మే నాకు చెప్పింది.

ఆమె గురించే ఇదంతా.

నేను మొదటిసారి వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు ఆమె వడ్డించిన అన్నం ఎంత ఎత్తంటే, ఎదురుగా కూచున్న నా స్నేహితుడి తలవెంట్రుకలు మాత్రమే కనపడ్డాయి. దాని మీద గోంగూర, గోంగూర మీద నెయ్యి. నేను సగం తవ్వేలోపు మళ్ళీ కొండ మొలిచింది. నన్ను ఆమె అంగడబ్బాయ్ అని పిలిచేది. "అంగడబ్బాయ్, నీ తెలుగులో కాస్త కారం ఎక్కువైందిరా, మజ్జిగ పోసుకో" అనేది. కొడుకును ఒట్టి అబ్బాయ్ అనేది. ఆ 'అబ్బాయ్'లో చివర ఉన్న పొల్లును గోదావరి అంత పొడుగు సాగదీసేది. వీధి చివర ఉన్నవాడు పరుగెత్తుకు రావాల్సిందే.

ఇక మావాడి అధ్యక్షత సంగతి. సంఘానికి ఒక నినాదం ఉంది. ప్రతి సభలో వేదిక వెనక ఫ్లెక్సు మీద అరటిచెట్టంత అక్షరాలతో ఉంటుంది: "అమ్మ భాష మరిచినవాడు అమ్మను మరిచినవాడు." మావాడే కట్టాడు ఆ వాక్యం. కట్టిన రోజు నాకు ఫోన్‌లో చదివి వినిపించి, తనకోసం ఇంకోసారి చదువుకున్నాడు.

నేను ఊరుకోలేదు. "ఏమప్పా, మా అంగట్లో మిక్సీకి గ్యారంటీ ఇస్తాం. దానికి కింద చీమ తలకాయంత అక్షరాల్లో షరతులుంటాయి. కరెంటు ఎక్కువొస్తే మాది కాదు, కిందపడితే మాది కాదు అని. నీ వాక్యానికి ఒక్క షరతు కూడా లేదే" అన్నాను.

"నీకన్నీ వేళాకోళమేరా" అన్నాడు.

వాడి బాధ నాకు తెలియనిది కాదు. ఒకసారి ఏదో ఆఫీసులో వాడు కన్నడం మాట్లాడుతూ మధ్యలో ఒక తెలుగు మాట జారాడు. కౌంటరు అవతల మనిషి, ఈ నేల అన్నం తింటూ ఈ నేల మాట రాదా అని అడిగాడు. ఆ నేల అన్నాన్ని పండించిన మనిషిని పట్టుకుని! ఆ మధ్యాహ్నం ఆ కౌంటరాయన డబ్బాలో ఉన్న మెతుకులు మావాడి పొలంలోవే అయ్యుండవచ్చు. మావాడు కాగితాలు తీసుకుని వచ్చేశాడు. పోనీ సొంతవాళ్ళ దగ్గరికి, కోస్తాకు పెళ్ళికి వెళితే, అక్కడ బంధువులు వీడి యాస విని, కన్నడాయన వచ్చాడు, ముందు ఆయనకు వడ్డించండి అని నవ్వారట. నవ్వుతూనే అన్నారు, మంచి స్థానంలోనే వడ్డించారు. కానీ వాడు ఆ భోజనం తినలేకపోయానన్నాడు. రెండువైపులా తలుపు మీద బోర్డులున్నాయి, రెండిట్లోనూ తన పేరు లేదు. అలాంటివాడికి అమ్మ భాష అనే మాట ఒక్కటే సొంత చావడిలా కనపడింది. దాన్ని ఫ్లెక్సు మీద రాసుకున్నాడు. నేను షరతులంటూ వెక్కిరించాను గానీ, వర్షంలో తడిసినవాడు గొడుగు కుట్టు ఎలా ఉందో చూడడు కదా.

నాట్ల కాలంలో ఒక ఉదయం వాళ్ళమ్మ వాకిట్లో పడిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. బళ్ళారి ఆసుపత్రికి తెచ్చారు. నేను రోజూ అంగడి మూశాక ఇడ్లీలు పట్టుకుని వెళ్ళేవాణ్ణి. మావాడు మంచం పక్కన ఇనుప స్టూలు మీద కూచుని, తల్లి పెదవులనే చూస్తూ ఉండేవాడు. కాలువకు నీళ్ళు వదిలే రోజున గేటు దగ్గర నిలబడి చూస్తారే రైతులు, అట్లా.

మాట తిరిగి వచ్చింది. వచ్చిన మొదటి మాట నేను విన్నాను.

"ఊట ఆయ్తా, తమ్మా?"

భోజనమైందా, తమ్ముడూ, అని. మా వైపు కన్నడంలో వయసులో చిన్న మగవాణ్ణి ఎవరినైనా ముద్దుగా తమ్మా అంటారు. నాట్లకొచ్చే కూలీ ఆడవాళ్ళు పొలంగట్టు మీద వచ్చేపోయే పిల్లల్ని పిలిచే పిలుపు. ఆమె ఆ మాట అన్నది కొడుకుతో. మేమిద్దరం నవ్వేశాం. నర్సుతో మాట్లాడాలనుకుని గొంతు సరిచేసుకుంటోందేమో అనుకున్నాం. మాట వచ్చింది కదా అన్న సంతోషంలో మావాడు నా చెయ్యి పట్టుకుని నొక్కిన నొక్కుడుకు నా ఉంగరం వంకర పోయింది, అది నిజం.

మర్నాడూ కన్నడమే. ఆ మర్నాడూ కన్నడమే. మనం తెలుగులో అడిగితే అర్థమవుతున్నట్టే ఉండేది, జవాబు మాత్రం కన్నడంలో వచ్చేది. మావాడు నీళ్ళ గ్లాసు ఎత్తి చూపించి, "ఇదేంటమ్మా? చెప్పు" అనేవాడు. ఆమె కాస్త ఆలోచించి "లోట" అనేది, పరీక్ష పాసైనట్టు చూసేది. మావాడు గ్లాసు కింద పెట్టేవాడు. దువ్వెన ఎత్తేవాడు. "బాచణిగె." దువ్వెన కింద పెట్టేవాడు. ఆ వరసన వార్డులో ఉన్న వస్తువులన్నీ అయిపోయాయి. పక్క మంచం రోగి సెలైన్ స్టాండు కూడా అడిగి తెచ్చుకునేవాడే, నేను ఆపకపోతే.

డాక్టరు మంచివాడు. రెండు భాషలు వాడినవాళ్ళకు ఒక్కోసారి ఇలా జరుగుతుందని, ఏది నిలుస్తుందో ఏది పోతుందో ఎవరూ ముందుగా చెప్పలేరని, మొదట నేర్చుకున్నదే చివరిదాకా ఉండాలన్న నియమం మెదడుకు లేదని ఓపిగ్గా చెప్పాడు. మావాడు విన్నంతసేపు విని, "కానీ సార్, ఈమె పుట్టింది తెలుగులో కదా" అన్నాడు. డాక్టరు నావైపు చూశాడు. నేను కిటికీవైపు చూశాను.

బయటికొచ్చాక మావాడు, "ఈ సంగతి సంఘంలో ఎవరికీ చెప్పకు" అన్నాడు.

ఒక ఊరి నోరు మూయడం తేలిక, మా ఉపాధ్యక్షుల నోరు మూయడం కష్టం. బత్తాయిలు పట్టుకుని పరామర్శకు వచ్చిన ప్రతివాడికీ, ఇప్పుడే కన్ను మూతపడిందండీ, లేపకండి అని చెప్పి పంపేవాడు మావాడు. పళ్ళు మాత్రం మంచం కింద గుట్టలు పడ్డాయి, వార్డంతా పళ్ళ మార్కెట్టు వాసన. చివరికి ఒక ఉపాధ్యక్షుడు నిద్రపోయినా ఫరవాలేదు, దండం పెట్టుకుని వెళతానని లోపలికే వచ్చేశాడు. ఆమె కళ్ళు తెరిచి, చక్కగా నవ్వి, "కూడ్రి" అంది. కూచోండి అని. ఎవరప్పా నువ్వు, ఏ ఊరు, పంట ఎట్లా ఉంది అని కన్నడంలోనే అడిగింది. ఆయన జవాబు చెప్పి, బయటికొచ్చి, చెప్పులేసుకునేలోపు ఆ వార్త కౌల్ బజార్ చేరింది. నాకంటే ముందు నా అంగట్లోకి వచ్చి కూచుంది.

క్యాంపుకు తీసుకెళ్ళాక ఒక మధ్యాహ్నం చూసి రావడానికి బస్సులో వెళ్ళాను. బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే లోపలినుంచి నవ్వులు వినపడ్డాయి. ఆమె మంచం చుట్టూ నాట్లేసే ఆడవాళ్ళు, పని మధ్యలో భోజనానికి ఆగినవాళ్ళు, కాళ్ళకింకా బురద ఆరలేదు. చేరువ పల్లెలవాళ్ళు. ఆమె కూడా తాను పడిపోకముందు దశాబ్దాలపాటు వాళ్ళ వరసలో వంగి నాటిన మనిషే. ఇంటి యజమానురాలు గట్టు మీద గొడుగేసుకుని నిలబడటం ఆమెకు చేతకాలేదు. ఇప్పుడు ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదో, మోకాలి నొప్పికి ఏ తైలం మంచిదో, ఎవరి గేదె ఎవరి చేలో పడిందో, అన్నీ మాట్లాడుతున్నారు. ఆమె మాట ముద్దముద్దగా వస్తోంది, వాళ్ళు దాన్ని అందుకుని పూర్తిచేస్తున్నారు. వంకరపోయిన మూతితోనే పగలబడి నవ్వుతోంది.

మావాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సొంత ఇంటి గుమ్మంలో, టిక్కెట్టు దొరకని మనిషిలా.

"ఇంత మాట్లాడుతుందని నాకు తెలీదురా" అన్నాడు.

"ఇంట్లో ఏం మాట్లాడుకుంటాంటిరి?"

చాలాసేపు ఆలోచించాడు. వాడు నిజంగానే వెతుకుతున్నాడని అర్థమై నేను కూడా ఆగాను.

"అన్నం పెట్టు. నీళ్ళు తే. నా చొక్కా ఏదీ." ఇంకా వెతికి, "నాన్నయితే అదీ లేదు. దగ్గేవాడు. దగ్గును బట్టి మంచినీళ్ళో మజ్జిగో తెచ్చేది" అన్నాడు.

ఆ దగ్గు ఏ భాషదో నేను అడగలేదు. నా నోట్లోకి వచ్చింది, మింగేశాను. మాలాంటివాళ్ళం వేదికలెక్కి అమ్మ భాష, అమ్మ భాష అని గొంతు చించుకుంటాం. ఆ అమ్మ పొద్దున్నించి పొద్దుగూకేదాకా ఎవరితో మాట్లాడింది, ఆమె మాట ఎవరు విన్నారు అని ఒక్క ఉపాధ్యక్షుడూ అడిగిన పాపాన పోలేదు. మా ఇంట్లోనూ అంతే. మా అమ్మ నాతో చెప్పిన ముఖ్యమైన సంగతులన్నీ నేను అంగడికి బయలుదేరుతుంటే చెప్పులేసుకునే సమయంలో చెప్పినవే. నేను విన్నది సగం, ఆ సగం కూడా వీధి మలుపు తిరిగేలోపు పోయేది.

వరి పొట్టకొచ్చేవేళకు ఆమె పోయింది.

కర్మకాండలన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం మేమిద్దరం కాలువగట్టు మీద కూచున్నాం. గుండు మీద తువ్వాలు కప్పుకున్నాడు. చేలమీద కొంగలు దిగుతున్నాయి, లేస్తున్నాయి. వాడు, "పోయే ముందురోజు తెలుగు మాట్లాడిందిరా" అన్నాడు.

నేను దగ్గరికి జరిగాను. "ఏమనిందప్పా?"

"చెంచాతో గంజి పడుతున్నాను. నావైపు చూసింది. చూసి, అవసరం లేదు అంది."

ఇన్నాళ్ళూ ఒక్క తెలుగు మాట కోసం ఆ పెదవులకేసి చూస్తూ కూచున్న మనిషికి ఆఖర్న దొరికిన తెలుగు మాట అది. అవసరం లేదు. నువ్వు అవసరం లేదు.

"సరిగ్గా ఏమనింది? ఆయమ్మ అన్నట్టే చెప్పు."

"అవసర ఇల్ల అంది. 'లేదు' అనడానికి నాలుక తిరగలేదు పాపం. ముద్దగా వచ్చింది."

నేను నవ్వేశాను. ఆపుకోలేకపోయాను. నవ్వి, వాడి భుజం మీద చెయ్యేసి, "ఏందప్పా నువ్వు, అది కన్నడం గదా. తొందర లేదనింది ఆయమ్మ" అన్నాను.

కన్నడంలో అవసర అంటే తొందర, ఇల్ల అంటే లేదు. మా జిల్లాలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. వాడికి నాకంటే బాగా తెలుసు. ట్రాక్టరు డ్రైవర్లతో, కోత మిషనువాళ్ళతో "అవసర మాడబ్యాడప్పా", తొందరపడొద్దు అని రోజుకు వందసార్లు అరిచే మనిషి. బస్సు కండక్టరు అవసర అంటే వాడికి తొందరని అర్థమవుతుంది, పెళ్ళిచూపుల్లో అవసరం అంటే కావలసిందని అర్థమవుతుంది. యాభై ఏళ్ళు ఆ మాటను అటూ ఇటూ దాటినా ఒక్కసారి కాలు తడబడనివాడు. ఆరోజు మాత్రం చెవి ఒక్క తెలుగు మాట కోసం ఎంత ఆకలిగా ఉందంటే, దొరికిన కన్నడం ముక్కనే తెలుగు చేసుకుని మింగేసింది.

నా ముఖంలో నవ్వు ఇంకా పోలేదు. మిత్రుడి గుండెలోంచి గునపం లాగేశానన్న సంబరం నాది. వాడు నవ్వుతాడని చూస్తున్నాను. తొందర లేదు నాయనా, మెల్లిగా పట్టు అన్నదన్నమాట. ఏ కొడుక్కైనా అంతకంటే ఏం కావాలి?

వాడు నీళ్ళకేసి చూస్తూ అన్నాడు: "అయితే నాతో తెలుగు మాట్లాడకుండానే పోయిందన్నమాట."

అప్పుడు నాకు అర్థమైంది నేనేం చేశానో. ఆ మాట తెలుగైతే అమ్మ వద్దంది. కన్నడమైతే అమ్మ ముద్దుగా అంది, కానీ తన భాషలో కాదు. ప్రేమ కావాలంటే తెలుగు వదులుకోవాలి, తెలుగు కావాలంటే ప్రేమ వదులుకోవాలి. రెండూ ఒకేచోట ఉంటాయని వాడే ఫ్లెక్సు మీద రాశాడు, షరతులు లేకుండా.

ఇద్దరం లేచి ఇంటికి నడిచాం.

ఇంటిముందు ఒక జీపు ఆగి ఉంది. కన్నడ సంఘం కుర్రాళ్ళు వచ్చారు. మర్యాదగా చెప్పులు గేటు బయటే విప్పారు. శాలువా, పూలదండ, ఒక బ్యానరు నమూనా తెచ్చారు. దాని మీద ఆమె ఫోటో. కింద కన్నడంలో "ఆంధ్రదల్లి హుట్టి కన్నడదల్లి కణ్ముచ్చిద తాయి" అని ఉంది. ఆంధ్రలో పుట్టి కన్నడంలో కన్నుమూసిన తల్లి. అనుమతిస్తే తమ సభలో సన్మానం చేస్తామన్నారు. ఇలాంటి తల్లులు ఇంటికొకరుంటే గొడవలే ఉండవని వాళ్ళలో పెద్దవాడు చెమ్మగిల్లిన కళ్ళతో అన్నాడు. మంచి పిల్లలే. మావాడు వాళ్ళకు మజ్జిగ ఇప్పించి, ఆలోచిస్తానని పంపాడు.

ఆ వారమే మా సంఘం సంతాపసభ ఏర్పాటు చేసింది. మా బ్యానరు మీదా ఆమె ఫోటోయే. కింద "ఆఖరి శ్వాసదాకా తెలుగే పలికిన తల్లి." ఆమె కూడ్రి అంటే కూచుని వచ్చిన ఉపాధ్యక్షుడే ఈ వాక్యం రాయించాడు. నేను నిలదీస్తే, "ఊరికి తెలిసింది తెలిసిందే లేప్పా, బ్యానరు మీద పడాల్సింది వేరే ఉంటాది" అన్నాడు.

బ్యానర్ల షాపు మా అంగడికి రెండు సందుల అవతల. రెండు సంఘాలవాళ్ళూ అతని దగ్గరే వేయించారు. నన్ను చూసి ఆ షాపాయన, "క్యా భాయ్, ఒకే అమ్మకు రెండు దినుసుల బ్యానర్లేంది? ఫోటో మాత్రం ఒకటే పెట్టినాను, పూల బార్డరూ అదే" అన్నాడు. రెండూ పక్కపక్కన ఆరబెట్టి ఉన్నాయి. రెండిట్లోంచీ ఆమె ఒకేలా నవ్వుతోంది. అది ఎప్పుడో పెళ్ళిలో తీసిన ఫోటో. ఎవరితోనో మాట్లాడుతూ మధ్యలో కెమెరా వైపు తిరిగిన ముఖం.

ఇంతకూ అబద్ధమాడింది ఎవరని ఎవరైనా నన్నడిగితే చెప్పలేను. కుర్రాళ్ళ వాక్యంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు, అయినా అందులో ఆమె లేదు. మావాళ్ళ వాక్యంలో ఒక్క అక్షరం నిజం లేదు, అందులోనూ ఆమె లేదు. ఆ రెండు బ్యానర్లకూ అమ్మ కావాలి, జెండాకు కర్ర కావాలే అట్లా. కర్ర ఏ చెట్టుదో, దానికి ఏ కొమ్మలుండేవో అడిగితే ఊరేగింపు ఆగిపోతుంది.

సంతాపసభ రోజున హాలు నిండింది. ఉపాధ్యక్షులందరూ వేదిక మీదే కూచోవడంతో వేదిక నిండి, కొందరు మెట్లమీద సర్దుకున్నారు. వేదిక వెనక ఆ బ్యానరు వేలాడుతోంది. ఒకరి తర్వాత ఒకరు లేచి, ఆ తల్లి చివరి ఊపిరిలో కూడా తెలుగును వీడలేదని చెప్పారు. చెబుతున్నకొద్దీ పెరిగింది. మొదటాయన ఒక్క మాట పలికిందన్నాడు, మూడో ఆయన దగ్గరికొచ్చేసరికి పద్యమైంది. పెంచి చెప్పడం నా వృత్తి, నాకే సిగ్గేసింది. చివర మావాణ్ణి మైకు దగ్గరికి పిలిచారు.

వాడు మైకు పట్టుకుని బ్యానరుకేసి ఒకసారి తిరిగి చూశాడు. కూడ్రి ఉపాధ్యక్షుడు నేలకేసి చూస్తున్నాడు. వాడు ఒక్కసారి నోరు తెరిస్తే ఆ వెనకున్న గుడ్డంతా ఊడి కిందపడుతుంది. ఊడదీస్తే అవతలి గుడ్డ పైకి లేస్తుంది. అది కూడా వాడికి తెలుసు.

"మా అమ్మ నాతో చివరగా అన్న మాట" అని ఆగాడు. "తొందర లేదు అంది."

అంతే. నమస్కారం పెట్టి దిగిపోయాడు.

చప్పట్లు మొదలయ్యాయి. ఒక ఉపాధ్యక్షుడు మైకు లాక్కుని, ఆహా, భాషోద్యమానికి ఓర్పు కావాలని ఆ తల్లి ఎంత గొప్ప సందేశమిచ్చి వెళ్ళిందో చూశారా అన్నాడు. తొందర లేదు, తెలుగు నిలుస్తుంది అని ఆమె భావమట. వచ్చే ఏడు ఫ్లెక్సు మీద ఈ మాటే వేయాలని అక్కడికక్కడే తీర్మానించారు. మళ్ళీ చప్పట్లు.

వాడు వచ్చి ఆఖరి వరసలో నా పక్కన కూచున్నాడు. నేను చెవిలో, "కన్నడంలో అనిందని ఎందుకు చెప్పలేదప్పా?" అని అడిగాను.

"చెబితే వాళ్ళ బ్యానరు గెలుస్తుంది. చెప్పకపోతే వీళ్ళది గెలుస్తుంది. నేను ఆమె ఏమందో అది చెప్పాను" అన్నాడు.

వేదిక మీద ఇంకో ఆయన లేచాడు. వాడు తన అరచేతులు ఒళ్ళో పెట్టుకుని వాటిని చూసుకుంటున్నాడు.

"ఆరోజు నాకు ఇక్కడ సంఘం మీటింగుకి టైమవుతోందిరా. చెంచా వెంట చెంచా పట్టేస్తున్నాను. మింగిందో లేదో చూడలేదు. అవసర ఇల్ల అంది. వద్దంటోందనుకున్నాను." వాడి గొంతు చాలా మామూలుగా ఉంది. "మెల్లిగా పట్టమందిరా ఆవిడ. నేను గిన్నె కింద పెట్టి లేచొచ్చేశాను. సగం గంజి అట్లాగే ఉంది. ఆకలితోనే అడిగిందిరా, నిదానంగా పట్టమని."